కొసరు సీటు

మొగలిరేవు మునిసిపాలిటీలో ఇకమీదట ఒక్క ఓటు కూడా వృథా కాకూడదని ప్రభుత్వం వారు తీర్మానించారు.

నీళ్లు వృథా కావచ్చు. మెయిన్ రోడ్డు మీద పైపు పగిలి ఏడాదయింది. అక్కడ చిన్న కాలవ ఏర్పడి, కాలవలోకి బాతులు దిగి, బాతులకు పిల్లలు కూడా పుట్టాయి. ఆ సంగతి చూసి రమ్మని ఎవరినీ ఎక్కడికీ పంపలేదు. ఓట్ల సంగతి చూసి రమ్మని మాత్రం కొందరు పెద్దల్ని మంచు కురిసే దేశాలకు పంపారు. వాళ్లు స్వెట్టర్లు కొనుక్కుని వెళ్లి, చూసి, జలుబుతో తిరిగొచ్చి, "దామాషా" అన్నారు.

దామాషా అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. పాత పద్ధతిలో వార్డుకొకడు గెలిచేవాడు. ఓడినవాడికి పడ్డ ఓట్లన్నీ బూడిదలో పోసిన పన్నీరు. కొత్త పద్ధతిలో వార్డులుండవు. ఊరంతా పార్టీ గుర్తుకు ఓటేస్తుంది. ఎవరికెన్ని ఓట్లు పడితే ఆ లెక్కన కుర్చీలు పంచుతారు. మాట మంచిదే. మంచి మాటకి ఆఫీసు గడప దాటాక ఏ గతి పడుతుందో అదే ఈ కథ.

ముందు ఏదో ఒక ఊరి మీద ప్రయోగం చేసి చూద్దామన్నారు. బెడిసికొడితే పేపరువాళ్లు రావడానికి సరైన బస్సు కూడా లేని ఊరు కావాలి. అలా మొగలిరేవుకి అదృష్టం పట్టింది. అదృష్టంతోపాటు ఊరికి ఒక దామాషా ప్రత్యేకాధికారి కూడా వచ్చారు. ఆయన పేరు చామర్తి ఉమాకాంతం గారు. ఆయన చంకలో ఎప్పుడూ ఒక పచ్చట్ట పుస్తకం ఉండేది. "న్యాయమనునది గణితసాధ్యము" అని ఆయన ఎక్కడ మైకు కనపడితే అక్కడ చెప్పేవారు.

ఊరి చివర, సముద్రపు పాయ పక్కన, కొఠారుపేట. అందరూ ఉప్పు మళ్లలో పనిచేసే వాళ్లు. మళ్లు వాళ్ల సంఘం కౌలుకు తీసుకుంది, ఉప్పు వాళ్లే పండించి వాళ్లే అమ్ముతారు. ఆ పేటలో ఎక్కడ తవ్వినా ఉప్పునీరే. మూడ్రోజులకోసారి నీళ్ల ట్యాంకరు వస్తే, వచ్చినట్టు. రాకపోతే పిల్లలు ఆ ఉప్పునీరే తాగి కడుపులు పట్టుకుని పడుకుంటారు. మంచినీళ్ల గొట్టం లేదా అంటే ఉంది. ఛైర్మను పొట్నూరు జగ్గారావు గారి ఐసు ఫ్యాక్టరీ దాకా వచ్చి ఆగిపోయింది. అక్కడినుంచి పేటకు కూతవేటు దూరం. ఆ కూతవేటు దూరం పదిహేనేళ్లనుంచి అలాగే ఉంది.

అందుకని ఈసారి పేటవాళ్లు తామే ఒక పార్టీ పెట్టుకున్నారు. గుర్తు చేద. మనిషి గనగళ్ల పోలమ్మ.

పోలమ్మది కొలిచే చెయ్యి. సంఘం తరఫున ఉప్పు కొలిచి పోసేది ఆవిడే. కుంచం నింపి, పైన అరచేత్తో చదును చేసి, కొనేవాడి గోనెలో గుమ్మరించి, ఆఖరున ఒక దోసెడు ఊరికే వేసేది. అదే కొసరు. కొసరు వెయ్యకుండా అమ్మిన ఉప్పు ఇంటికెళ్లాక చేదెక్కుతుందని పేటలో నమ్మకం. పోలమ్మ నోరు మాత్రం కొలత ఎరగదు. ఓట్లు అడిగిన రోజుల్లో పేట నడిమధ్య నిలబడి, గొట్టం తేకపోతే మళ్లీ మీ గుమ్మాలు తొక్కనని ఒట్టేసింది. ఒట్టేశాక ఆలోచించే మనిషి.

ఓట్లు లెక్కపెట్టారు. మొత్తం పదకొండు వేలు. కుర్చీలు పదకొండు. అంటే కుర్చీ ధర వెయ్యి ఓట్లు. ఈ ముక్క పోలమ్మకి చప్పున అర్థమైంది, ఎందుకంటే ఇది ఉప్పు కొలిచినట్టే. వెయ్యి ఓట్లు పట్టే కుంచం ఒకటుందనుకోండి. జగ్గారావు గారి మంచం పార్టీ కుప్ప ఆరు కుంచాలు తూగి, అడుగున రెండొందల ఎనభై మిగిలాయి. గొడుగు పార్టీది నాలుగు కుంచాలు, పైన రెండొందల డెబ్భై. పది కుర్చీలు అయిపోయాయి. పదకొండోది ఎవరికి? కుంచాలు పోగా ఎవరి కొసరు పెద్దదైతే వాళ్లకి అంటుంది పచ్చట్ట పుస్తకం. చేద పార్టీకి పడ్డవే నాలుగొందల యాభై. సగం కుంచం కూడా కాదు. కాని కొసరుగా చూస్తే ముగ్గురిలో అదే పెద్దది.

అలా పోలమ్మ కుర్చీ ఎక్కింది. జగ్గారావు గారు ఆ రోజే ఆవిడకి "కొసరమ్మ" అని పేరు పెట్టాడు. "కొసరుగా వచ్చావు, కొసరులాగే మూల కూర్చో" అన్నాడు నవ్వుతూ. "కొసరెయ్యని కొట్టుకి రెండోసారి ఎవుడూ ఎల్లడు బాబూ" అంది పోలమ్మ. కూర్చుంది.

మొదటి సమావేశంలోనే లేచి గొట్టం మాట ఎత్తింది. ఉమాకాంతం గారు పుస్తకం తిరగేశారు. ప్రతిపాదన చర్చకు రావాలంటే ఒక సభ్యుడు పెట్టాలి, ఇంకొక సభ్యుడు బలపరచాలి. బలపరిచేవారు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. మంచం పార్టీ ఆరుగురూ పైకప్పు వైపు చూశారు. గొడుగు పార్టీ నలుగురూ చెప్పుల వైపు చూశారు. గొడుగు నాయకుడు మెండ సన్యాసిరావుకి జగ్గారావు ఫ్యాక్టరీలో పావలా వాటా ఉందని ఆ చూపులోనే ఊరందరికీ తెలిసిపోయింది. రెండో సమావేశంలోనూ అంతే. మూడో దాంట్లోనూ అంతే.

పోలమ్మ ఇంటికొచ్చి ఉప్పు పార నేలకేసి కొట్టింది. ఆవిడ మరిది ఎర్రయ్య, చేద పార్టీకి కార్యదర్శి, అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. పార్టీకి ఆయన ఒక్కడే కార్యదర్శి, ఆయనకున్న ఒక్కటే పని వదినని ఆపడం, అది ఇప్పటిదాకా ఒక్కసారీ చేతకాలేదు.

"ఒక్క కుర్చీతో పని జరగదురా ఎర్రయ్యా. పెట్టడానికి నానుంటే, బలపరచడానికి ఇంకొకత్తి ఉండాల. ఇంకో కుర్చీ గావాల."

"అడిగితే ఇచ్చీడానికి అదేటి పకోడీయా వొదినా?"

"అడగను. కూకుంటాను."

మర్నాడు మునిసిపల్ ఆఫీసు ఎదురుగా ఒక గోనె పరిచి నిరాహార దీక్షకు కూర్చుంది. కుర్చీల సంఖ్య పెంచాలి, పేద పేటలకు మరింత చోటివ్వాలి. ఇదీ కోరిక. పేట ఆడవాళ్లు చుట్టూ కూర్చుని పాటలు కట్టారు. మూడో రోజుకి ఊళ్లో జనం కూడా చేరారు. నాలుగో రోజున ఒక వింత జరిగింది. సన్యాసిరావు వచ్చి దీక్షకు మద్దతు పలికాడు. ఐదో రోజున జగ్గారావు గారే స్వయంగా నిమ్మరసం గ్లాసుతో వచ్చి, "మా సోదరి పోరాటం న్యాయమైనది" అని కళ్లొత్తుకున్నాడు.

ఎర్రయ్య వదిన చెవిలో గొణిగాడు. "ఆయన గ్లాసు తెచ్చినాడంటే అడుగున ఏటో ఉంటాది వొదినా."

"పంచదార ఉంటాది" అంది పోలమ్మ. ఐదు రోజుల ఆకలి మీద ఉంది. తాగేసింది.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. పదకొండు కుర్చీలు పన్నెండు చేస్తున్నామనీ, పాత ఓట్లనే కొత్త సంఖ్యతో మళ్లీ పంచుతామనీ. ప్రభుత్వాలు అంత తొందరగా ఏదైనా ఇచ్చాయంటే అందులో మనది పోయేది ఏదో ఉంటుంది. కాని ఆ రోజు పేటలో ఈ మాట ఎవరికీ తట్టలేదు. డప్పులు కొట్టుకుంటూ ఆఫీసుకి వెళ్లారు. ఉమాకాంతం గారు వేదికెక్కి, పోలమ్మ మెడలో దండ వేసి, శాలువా కప్పి, కాగితం తీసి చదివారు. మంచం ఏడు. గొడుగు ఐదు. చేద శూన్యం.

డప్పులవాళ్లకి చివరి మాట వినపడలేదు. ఇంకాసేపు కొట్టారు.

పోలమ్మ దండ మెడలోనే ఉంచుకుని అడిగింది. "ఒక కుర్చీ ఎక్కువైతే నాది ఎలాగ తగ్గిపోనాది బాబూ?"

"తగ్గలేదమ్మా" అన్నారు ఉమాకాంతం గారు. ఆయన గొంతులో నిజంగానే దయ ఉంది. "తాము అపోహపడుతున్నారు. మునుపు తమ వాటా ఒక కుర్చీలో నూటికి నలభై ఐదు పాళ్లు. నేడు నలభై తొమ్మిది పాళ్లు. తమ ప్రాతినిధ్యము గణనీయముగా వృద్ధి చెందినది. కుర్చీ మాత్రమే లేదు."

జరిగింది ఏమిటంటే, కుర్చీలు పెరిగితే కుంచం చిన్నదవుతుంది. వెయ్యి పట్టేది కాస్తా తొమ్మిదొందల పదిహేడు పట్టేదయింది. కుంచానికో పిడికెడు తగ్గిందనుకోండి. ఆరు కుంచాలవాడికి ఆరు పిడికెళ్లు మిగిలి పాత కొసరులో కలిశాయి. నాలుగు కుంచాలవాడికి నాలుగు పిడికెళ్లు కలిశాయి. అసలు కుంచమే నిండనివాడికి ఏం మిగులుతుంది? ఏమీ మిగలదు. నిన్న అందరికంటే పెద్ద కొసరు పోలమ్మది. ఇవాళ అందరికంటే చిన్నది. ఆవిడ కుప్పలోంచి ఒక్క గింజ పోలేదు. పక్క రెండు కుప్పలూ కూర్చున్నచోటే బలిశాయి.

పోలమ్మకి ఇది పూర్తిగా అర్థం కావడానికి ఆ సాయంత్రమంతా పట్టింది. అర్థమయ్యాక తిన్నగా వెళ్లి, అయితే ఆ పన్నెండోది తీసెయ్యండి, నాకొద్దు, పాత పదకొండే ఉంచండి అంది. ఉమాకాంతం గారు తల అడ్డంగా ఊపారు. ప్రజలు పోరాడి సాధించుకున్న హక్కును ఉపసంహరించుట ఆ పోరాటమునే అవమానించుట అగును. కావాలంటే మళ్లీ దీక్షకు కూర్చుంటానంది. కుర్చీలు పెంచమని చేసే దీక్షకు నిబంధన ఉందనీ, తగ్గించమని చేసే దీక్షకు లేదనీ, కూర్చున్నా దాన్ని ఉపవాసంగానే పరిగణిస్తామనీ ఆయన చెప్పారు.

పైగా ఆవిడని గౌరవించడానికి ఇంకో ఏర్పాటు కూడా చేశారు. పన్నెండో కుర్చీని ప్రత్యేకంగా టేకుతో చేయించి, వెనక ఇత్తడి రేకు మీద "శ్రీమతి గనగళ్ల పోలమ్మ పోరాట ఫలిత పీఠము" అని చెక్కించారు. అందులో జగ్గారావు గారి బావమరిది కూర్చున్నాడు. ఆయనకి నడుం నొప్పి. దిండు కూడా వేయించారు.

గొట్టం మాట ఎత్తే మనిషి సభలో లేకపోయింది. పేటలో ఆడవాళ్లు పోలమ్మని చూస్తే బిందెలు చప్పుడయ్యేలా కింద పెట్టడం మొదలుపెట్టారు. పోలమ్మ ఒట్టు గుర్తు పెట్టుకుని ఎవరి గుమ్మమూ తొక్కకుండా, వీధి మధ్యనుంచి నడిచి వెళ్లేది.

అయితే పచ్చట్ట పుస్తకంలో ఇంకో సందు ఉంది. పద్ధతి ప్రయోగదశలో ఉంది కాబట్టి, అభ్యంతరం రాసిస్తే ఒక్కసారి మళ్లీ పోలింగు జరపొచ్చు. పోలమ్మ వేలిముద్ర వేసి ఇచ్చింది. ఇచ్చి, మళ్లీ కుర్చీ రావాలంటే నేను ఇంకెన్ని ఓట్లు తెచ్చుకోవాలి అని అడిగింది.

ఉమాకాంతం గారికి ఆ ప్రశ్న నచ్చింది. పెన్సిలు తీశారు. చాలాసేపు లెక్క వేశారు. పేటలో ఉన్న ఓట్లన్నీ ఇప్పటికే తమకు పడ్డాయి కాబట్టి పెరగడానికి చోటు లేదన్నారు. "కాని తమ కుర్చీ తమ ఓట్ల మీద ఆధారపడి లేదమ్మా. ఎదుటివారి శేషము మీద ఆధారపడి ఉన్నది. గొడుగు నుండి సుమారు నూట ఎనభై ఓట్లు మంచమునకు తరలినచో, మంచము సరిగ్గా ఏడు కుంచములకు చేరి శేషము దాదాపు నశించును. గొడుగు శేషము కూడా క్షీణించును. అప్పుడు కొసరులో తమరే అధికులు."

పోలమ్మ ఆయన పెన్సిలు వైపు వేలు చూపింది. "అంటే నాను గెలవాలంటే జగ్గారావుకి ఓట్లెయ్యమని అడగాలా బాబూ?"

"అడగవలెను. అయితే అతిగా అడగరాదు."

ఇలా మొదలైంది మొగలిరేవు చరిత్రలోకెల్లా విచిత్రమైన ప్రచారం. చేద పార్టీ మనుషులు మంచం జెండాలు పట్టుకుని గొడుగు వీధుల్లో తిరిగారు. పోలమ్మ గుమ్మం గుమ్మానికీ వెళ్లి, అమ్మా, ఈసారి మంచానికి ఎయ్యండి, కాని మీ ఇంట్లో ఇద్దరుంటే ఒక్కరే ఎయ్యండి, మీ అత్తగారు గొడుక్కే ఎయ్యాల, పక్కింటోళ్లకి చెప్పకండి అని బతిమాలింది. జనం ముందు నవ్వారు. తర్వాత జాలిపడ్డారు. తర్వాత అమ్ముడుపోయిందన్నారు. పేటలో ఒక ముసలమ్మ వీధిలో అందరూ వింటుండగా, "ఎంతకి కొలిసినావే నిన్ను నువ్వు? కొసరెంత ఏసినాడు?" అని అడిగింది. పోలమ్మ నోరున్న మనిషి. ఆ రోజు మంచం జెండా చంకలో పెట్టుకుని నడిచి వెళ్లిపోయింది.

జగ్గారావు గారు మొదట మురిసిపోయాడు. శత్రువు తన ఫోటోకి దండ వేస్తే ఎవడు మురవడు? తర్వాత ఎవరో లెక్క విప్పి చెప్పారు. తన ఏడు కుర్చీలకి ఢోకా లేదు, కాని తన కొసరు మాయమైతే ఆ ఆడది లోపలికొస్తుంది, వస్తే మళ్లీ గొట్టం అంటుంది, గొట్టం పేటకి పోతే ఐసుకి నీళ్లు తగ్గుతాయి. వెంటనే ఆయన తన మనుషుల్ని దింపి, దయచేసి మాకు ఓటెయ్యకండి, గొడుక్కి వెయ్యండి అని మైకులో చెప్పించాడు. ఛైర్మను తనకి ఓట్లు అడగడం చూసి సన్యాసిరావు కళ్లు చెమర్చాయి. మర్యాదకు మర్యాద అని, ఆయన మంచానికి ఓట్లు అడుగుతూ బయల్దేరాడు. పది రోజులపాటు ఆ ఊళ్లో ఏ పార్టీ తనకు ఓటు వెయ్యమని అడగలేదు. ఉమాకాంతం గారు పైకి రాసిన నివేదికలో, ప్రజాస్వామ్యమున ఇట్టి నిస్స్వార్థత ఏ దేశమునందును కానరాదని పేర్కొన్నారు.

ఓటు ఉప్పు కాదు, చాలు అనగానే చెయ్యి ఆపడానికి. గొడుగువాళ్ల అత్తలూ కోడళ్లూ ఎవరికి వెయ్యాలో తెలియక, ఇంతమంది ఇంతగా చెబుతున్నారంటే ఏదో ఉందిలే అని మంచం మీదే గుద్దారు. లెక్కపెడితే మంచం ఏడు కుంచాలు నిండి పైన పొర్లింది. పొర్లిన కొసరు పోలమ్మ కొసరు కంటే ఇరవైమూడు ఓట్లు ఎక్కువ. మంచం ఎనిమిది. గొడుగు నాలుగు. చేద శూన్యం.

"ప్రచారము కొంచెము మితిమీరినది" అన్నారు ఉమాకాంతం గారు. "అయినను తమ వాటా మాత్రము చెక్కుచెదరలేదు. నలభై తొమ్మిది పాళ్లు నిలకడగా ఉన్నది."

దీక్ష చేసి తన కుర్చీ పోగొట్టుకుంది. ప్రచారం చేసి శత్రువుకి ఎనిమిదో కుర్చీ సంపాదించిపెట్టింది. ఇంకేం మిగిలింది? పోలమ్మ ఆ రోజు ఇంటికి పోలేదు. ఉప్పు కుప్పల మధ్య కూర్చుంది. ఎర్రయ్య వెతుక్కుంటూ వచ్చి, తిడుతుందేమోనని కొంచెం దూరంగా నిలబడ్డాడు.

"ఎర్రయ్యా" అంది. "మనకాడ కుంచం ఉన్నాదా?"

"ఉన్నాది."

"అది ఎవుడిది?"

"సంఘానిది. మనదే." ఎర్రయ్య నోట్లో చుట్ట ఆగింది. "ఏటి సేస్తావు వొదినా? మళ్లీ ఏటి సేస్తావు?"

"దామాషా" అంది పోలమ్మ.

చేపల వేట నిషేధం ముగిసే రోజులు. ఇంకొద్ది రోజుల్లో పడవలన్నీ సముద్రంలోకి దిగుతాయి. పడవకి ఐసు కావాలి. ఐసు గడ్డకట్టాలంటే మంచినీళ్ల డబ్బాలు దించే ఫ్యాక్టరీ తొట్టెలో చిక్కటి ఉప్పునీరుండాలి. ఏటా ఈ రోజుల్లోనే జగ్గారావు గారు తొట్టె కడిగించి, పాత నీళ్లు పారబోయించి, కొఠారుపేట నుంచి బళ్లకు బళ్లు రాళ్లుప్పు తెప్పించి కొత్తనీళ్లు కలిపిస్తాడు. ఈసారీ తొట్టె కడిగించాడు. పాత నీళ్లు పారబోయించాడు. ఉప్పుకి బండి పంపాడు.

బండి ఖాళీగా తిరిగొచ్చింది. ఉప్పు కూలీల సంఘం నిన్ననే ఒక తీర్మానం చేసిందట. ఇకమీదట మొగలిరేవులో ఉప్పు కూడా దామాషా పద్ధతినే పంచుతారు. ఒక్క గింజ కూడా వృథా కాకూడదు. వీధికెన్ని నోళ్లుంటే అన్ని వంతులు. ఐసు ఫ్యాక్టరీలో నోళ్లు లెక్కపెట్టారు. యజమాని, గుమాస్తా, ఇద్దరు పనివాళ్లు, ఒక వాచ్‌మను. కుక్కని కలపలేదు, ఓటు లేదు కాబట్టి. అన్నీ కలిపినా సగం కుంచం కాలేదు. సరే, కొసరు చూద్దామంటే, ఎండుచేపల వీధి కొసరు అంతకంటే పెద్దదైంది.

జగ్గారావు గారు ఉమాకాంతం గారిని వెంటబెట్టుకుని మళ్లలోకి వచ్చాడు. ఇద్దరి చెప్పులూ బురదలో దిగబడ్డాయి. పోలమ్మ కుంచం పక్కన పెట్టి లేచి దండం పెట్టింది.

"ఏంటి పోలమ్మా, ఫ్యాక్టరీకి ఉప్పు లేదంటున్నావట?" అన్నాడు జగ్గారావు.

"అయ్యో, నేదని ఎవురన్నారు బాబూ? నిరుడు మీ వాటా కుంచంలో నలభై పాళ్లు. ఈ ఏడు నలభై తొమ్మిది. శానా పెరిగినాది." పోలమ్మ కుంచం వైపు తిరిగింది. "ఉప్పు మాత్రమే నేదు."

ఎర్రయ్య దగ్గు వచ్చినట్టు పక్కకి తిరిగాడు.

జగ్గారావు గారు ఉమాకాంతం గారి వైపు చూశాడు. ఇది అత్యవసర సరుకుల కింద నేరం కాదా, కేసు పెట్టలేరా అని. ఉమాకాంతం గారు అక్కడే, బురదలో నిలబడే, పచ్చట్ట పుస్తకం తిరగేశారు. తిరగేసిన కొద్దీ ఆయన మొహంలో ఒక వింత వెలుగు వచ్చింది. సంఘం చేసిన పంపకం అక్షరాలా పుస్తకంలో ఉన్నట్టే ఉంది. దీన్ని తప్పంటే పుస్తకం తప్పవుతుంది. పుస్తకం తప్పైతే ఇక్కడ తానెందుకున్నట్టు?

"పంపిణీ శాస్త్రబద్ధముగా ఉన్నది ఛైర్మన్ గారూ" అన్నారు మెల్లగా. "ఫ్యాక్టరీలో మరికొందరు మనుష్యులను పెంచుకొని చూడండి."

పెంచుకున్నాడు కూడా, పాపం. అత్తవారి ఊరినుంచి ఇరవైమంది చుట్టాల్ని తెప్పించి ఫ్యాక్టరీలో పడుకోబెట్టాడు. నోళ్లు పెరిగాయి. అప్పుడు సంఘం, ఫ్యాక్టరీవారి న్యాయమైన కోరికను మన్నించి, మొత్తం కుంచాల సంఖ్యని పదకొండు నుంచి పన్నెండుకి పెంచింది. జగ్గారావు గారికి పోలమ్మ స్వయంగా శాలువా కప్పింది. ఫ్యాక్టరీకి శూన్యం.

బయటినుంచి లారీ తెప్పిద్దామంటే, లారీ దింపే కూలీలూ కొఠారుపేట వాళ్లే. తొట్టె ఎండి నెర్రెలిచ్చింది. పడవలవాళ్లు రోజూ వచ్చి ఐసు ఏదని ఫ్యాక్టరీ గేటు ఊపుతున్నారు. ఇరవైమంది చుట్టాలూ మూడు పూటలా తింటున్నారు, పప్పులో ఉప్పు లేదని జగ్గారావునే దెప్పుతున్నారు. నిషేధం ముగియడానికి ఐదు రోజులుందనగా జగ్గారావు గారు ఒక్కడే, చెప్పులు చేత్తో పట్టుకుని, మళ్లలోకి వచ్చాడు.

"ఏం కావాలి నీకు?"

"నాకేటీ వొద్దు బాబూ. పేటకి గొట్టం."

"సభలో పెట్టాలి కదమ్మా, బలపరచాలి..."

"మీరు ఎనిమిదిమంది ఉన్నారు కదేటి. నానే తెచ్చిపెట్టినాను."

ఆ మర్నాడే సభ కూర్చుంది. ఇత్తడి రేకు చెక్కిన టేకు కుర్చీలోంచి జగ్గారావు బావమరిది నడుం పట్టుకుని లేచి ప్రతిపాదన పెట్టాడు. మిగతా ఏడుగురూ ఒకేసారి బలపరిచారు. మంచినీళ్ల గొట్టం అని రాస్తే పదిహేనేళ్లు ఎందుకు వెయ్యలేదని ఎవరైనా అడుగుతారు కాబట్టి, "ఐసు ఫ్యాక్టరీ ఉప్పు సరఫరా ప్రోత్సాహక నాళము" అని రాశారు. పేరేదైతేనేం, కూతవేటు దూరం మూడు రోజుల్లో తవ్వేశారు. తవ్వింది పేటవాళ్లే. నీళ్లు పడ్డ రోజున పోలమ్మని తిట్టిన ముసలమ్మ బిందె మొదట పెట్టింది. కొంచెం జరిగి, పోలమ్మకి చోటిచ్చింది. ఫ్యాక్టరీకి ఉప్పు బళ్లు కదిలాయి. అందులోనూ పోలమ్మ లెక్క తప్పకుండా బండికో దోసెడు వేసింది. అలవాటు.

ఉమాకాంతం గారు నివేదిక పంపారు. సభలో ఒక్క కుర్చీ లేని వర్గానికి సైతం దామాషా పద్ధతిలో గొట్టం లభించినదనీ, కనుక బలహీన వర్గాలకు కుర్చీల ఆవశ్యకత లేదని రుజువైనదనీ, ఈ పద్ధతిని రాష్ట్రమంతటా విస్తరించవచ్చుననీ. పైవాళ్లు మెచ్చుకుని ఆయనకి ఇంకో పచ్చట్ట పుస్తకం పంపారు. ఇది మొదటిదానికంటే లావు.

ఆ పుస్తకం పట్టుకునే ఆయన ఒక ఎండపూట కొఠారుపేటకి వచ్చారు. పోలమ్మ పంపు దగ్గర బిందె పెట్టి ఉంది. ఆయన చెమట తుడుచుకుని, శుభవార్త అన్నారు. పదమూడో కుర్చీ మంజూరు చేయడానికి పైవారు సుముఖంగా ఉన్నారు. మొదటి పోలింగు ఓట్లతో లెక్క వేసి చూశారు. కుర్చీలు పదమూడైతే చేద పార్టీకి ఒకటి ఖాయంగా తిరిగి వస్తుంది. "తాము ఒక్క పర్యాయము నిరాహార దీక్షకు కూర్చున్న చాలును."

"రెండో పోలింగు ఓట్లతో అయితే ఏటొస్తాది బాబూ?"

ఉమాకాంతం గారు జేబులోంచి పెన్సిలు తీసి, పంపు గట్టు మీద కూర్చుని, పుస్తకం వెనకట్ట మీద లెక్క మొదలుపెట్టారు. కుంచం చిన్నదయింది, కొసర్లు మారాయి, ఒకటి కొట్టేసి మళ్లీ వేశారు. పోలమ్మ బిందె నిండింది. తర్వాతి మనిషి బిందె కూడా నిండింది. ఎండ నెత్తిమీదికొచ్చింది. ఆయన పెదాలు ఎండిపోయి తెల్లబడటం చూసి పోలమ్మ గ్లాసు కడిగి నీళ్లిచ్చింది. ఆయన గటగటా తాగేసి, కాగితం మీంచి తల ఎత్తకుండానే, ఖాళీ గ్లాసు ముందుకు చాపారు.

"కొసరా బాబూ?"

ఆయన తలూపారు.

పోలమ్మ బిందె వంచి పొంగి పొర్లేదాకా పోసింది. "తాగండి" అంది. "దీనికి లెక్క నేదు."